దర్శనం లేని గుళ్ళు

జపాన్‌లో గుడికి వెళ్తే దేవుడు కనబడడు. ఈ మాట నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. తిరుమల కంపార్ట్‌మెంట్లలో గంటలకొద్దీ కూర్చుని, "జరగండి, జరగండి" అంటుంటే రెప్పపాటు చూసి, ఆ చూపుతోనే ఏడాది గడిపేసే మనిషిని నేను. నాకు గుడి అంటే చూడటం. అక్కడ ఆ చూడటమే లేదు. మరి ఇంత జనం ఎందుకు వస్తున్నారు, వచ్చి ఏం చేస్తున్నారు, ఏం పట్టుకుని ఇళ్లకు పోతున్నారు? ఈ ప్రశ్న పెట్టుకునే టోక్యో నుంచి కోయాసాన్ కొండ దాకా తిరిగాను.

మా వాడు ఉండేది టోక్యోలో నిషి కసాయిలో. మన దేశం నుంచి వెళ్లిన సాఫ్ట్‌వేర్ వాళ్లు చాలామంది కాపురం ఉండే పేట అది. కందిపప్పు, కరివేపాకు నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు. అందుకే ఇంట్లో ఉన్నంతసేపూ జపాన్‌లో ఉన్నట్టే అనిపించదు. మా వాడికి సెలవు దొరకలేదు కాబట్టి నన్ను తిప్పిందంతా మా కోడలే. ఆ అమ్మాయికి జపనీస్ వచ్చు. దానికి తోడు గుళ్ల పిచ్చి. మా ఆయన "అక్కడి తిండి నావల్ల కాదు" అని రాజమండ్రిలోనే ఉండిపోయారు. రాత్రిళ్లు ఫోన్ చేసి "దర్శనం బాగా అయిందా?" అని అడగడం ఆయన పని.

మొదట అసాకుసాలో సెన్సోజీకి వెళ్లాం. టోక్యోలోకెల్లా పాత గుడి. 628లో సుమిదా నదిలో ఇద్దరు అన్నదమ్ములు వల వేస్తే చిన్న కన్నోన్ విగ్రహం పడిందని కథ. కన్నోన్ అంటే అవలోకితేశ్వరుడు. ఆ విగ్రహం కోసమే ఈ గుడి వెలిసింది. 1945 బాంబుదాడిలో కాలిపోతే 1958లో మళ్లీ కట్టారు. ఇంతా చేసి ఆ విగ్రహాన్ని ఎవరికీ చూపించరు. దాని బదులు నిలబెట్టిన ఇంకో విగ్రహం ఉంది, దాని తలుపులు కూడా ఏడాదికి ఒక్కరోజు, డిసెంబరు 13న తెరుస్తారు.

"పోనీ పూజ చేసేవాళ్లైనా చూస్తారా?" అన్నాను.

"వాళ్లూ చూడరు అత్తయ్యా."

అక్కడ జనం ధూపం పొగను చేతుల్తో తల మీదికి, మోకాళ్ల మీదికి తోసుకుంటున్నారు. నేనూ మోకాళ్లకే పట్టించుకున్నాను. తర్వాత చీటీ తీశాను. 100 యెన్లు వేసి, రేకు డబ్బా ఊపితే సన్నటి పుల్ల బయటికి వస్తుంది. దాని మీది నంబరు చూసి ఆ నంబరు సొరుగులోంచి చీటీ తీసుకోవాలి. నాకు 'క్యో' వచ్చింది, అంటే చెడు. "ఈ గుళ్లో చెడు చీటీలు ఎక్కువని అందరికీ తెలుసు, మీరేం పట్టించుకోకండి" అంది మా కోడలు. దాన్ని అక్కడున్న తీగెకు కట్టేసి వస్తే చెడు అక్కడే ఉండిపోతుందట. నా పక్కన ఒక పెద్దావిడ కూడా తన చీటీ మడిచి కడుతూ నావైపు చూసి నవ్వింది. కీడు పంచుకున్న వాళ్లకు భాషతో పనేముంది!

మెయిజీ జింగూ దగ్గర పద్ధతులు నేర్చుకున్నాను. అది షింతో ఆలయం. షింతో అంటే జపాన్ వాళ్ల సొంత మతం. ఈ ఆలయం 1920లో కట్టారు. మెయిజీ చక్రవర్తినీ, ఆయన భార్య షోకెన్ మహారాణినీ అక్కడ కొలుస్తారు. చుట్టూ ఉన్న అడవి చూసి అనాదిగా ఉన్నదే అనుకుంటాం. నిజానికి దేశం నలుమూలల నుంచి జనం ఇచ్చిన లక్ష చెట్లు నాటి పెంచింది అది. తోరీ అనే పెద్ద చెక్క ద్వారం ముందు ఆగి ఒకసారి తల వంచాలి. దారి మధ్యలో నడవకూడదు, మధ్యభాగం దేవుడిది, మనం ఒక పక్కగా పోవాలి. తర్వాత నీళ్ల తొట్టి. గరిటె కుడిచేత్తో పట్టుకుని ఎడమ చెయ్యి కడుక్కోవాలి, చెయ్యి మార్చి కుడి చెయ్యి కడుక్కోవాలి. మళ్లీ ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని పుక్కిలించాలి. గరిటెను నోటికి తగలనివ్వకూడదు. చివర్న గరిటె నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్లు కాడ మీదుగా జారి, మన చెయ్యి పడ్డ చోటు కడుగుతాయి. తర్వాత వచ్చేవాళ్ల కోసం. ఎంగిలి, అంటు పట్టింపుల మధ్య పెరిగిన నాకు ఈ పని ఎవరూ వివరించాల్సిన అవసరం రాలేదు, చూడగానే నచ్చింది.

నచ్చనిది ఇంకొకటి ఉంది. ఆలయం ముందు చెప్పులు విప్పరు! లోపలికి వెళ్లేదే లేదు కాబట్టి విప్పే పనీ లేదు. ప్రాకారం లోపల, మండపం బయట నిలబడి, పెట్టెలో నాణెం వేసి, రెండుసార్లు నడుం వంచి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, దణ్ణం పెట్టుకుని, మళ్లీ ఒకసారి వంగి వచ్చేయడమే. బౌద్ధ గుళ్లలో చప్పట్లు ఉండవు, అక్కడ ఉత్త దణ్ణమే. అక్కడైతే చాలాచోట్ల లోపలికి వెళ్లేటప్పుడు బూట్లు విప్పిస్తారు. షింతో ఆలయం దగ్గర మాత్రం కాళ్లకు బూట్లతో దేవుడి ఎదురుగా నిలబడటానికి నాకు చివరిదాకా మనసొప్పలేదు. ఒకటి రెండు చోట్ల ఎవరూ చూడకుండా మడమలు పైకి లాగి, బూట్ల మీద నిలబడి దణ్ణం పెట్టాను. మా కోడలు చూసి తల పట్టుకుంది.

పుస్తకం కొనిపించింది కూడా మెయిజీ జింగూలోనే. దాన్ని గోషుయిన్‌చో అంటారు. కాగితాలు విసనకర్ర మడతల్లో ఉంటాయి, అట్టకు పట్టుబట్ట. ఒక్కో గుడికి వెళ్లి, ముందు దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాత కౌంటర్లో ఈ పుస్తకం ఇస్తే, ఎర్ర సిందూరపు రంగు ముద్రలు వేసి, వాటి మీదుగా కుంచెతో నల్లసిరాతో గుడి పేరు, తేదీ రాసి ఇస్తారు. ఆ ముద్రే గోషుయిన్. చాలాచోట్ల 500 యెన్లు తీసుకుంటారు, కొన్నిచోట్ల 300. పుస్తకం ఇచ్చి టోకెన్ తీసుకుని, పిలిచేదాకా కూర్చోవాలి. రాసే మనిషి కుంచెను సిరాలో ముంచి, అంచుకు ఒత్తి, ఊపిరి బిగబట్టి ఒక్క గుక్కలో రాసేస్తారు. ముప్ఫై ఏళ్లు పిల్లల చేత కాపీ రాయించిన టీచర్ని, ఆ కుంచె కదలిక చూస్తూ నిలబడిపోయాను. సిరా పక్క కాగితానికి అంటకుండా మధ్యలో పల్చటి కాగితం పెట్టి, రెండు చేతులతో అందిస్తారు. మనమూ రెండు చేతులతోనే తీసుకోవాలి.

"మొదటి పేజీ వదిలేయండి. అది ఇసే గుడికి" అంది మా కోడలు. చాలామంది అలాగే చేస్తారట. అసలు ఈ ముద్ర ఎక్కడ నుంచి వచ్చిందంటే, పూర్వం భక్తులు బౌద్ధ సూత్రం చేత్తో రాసి గుడికి సమర్పిస్తే, అందినట్టు రాసిచ్చిన రసీదు ఇది. రాయడం పోయింది, రసీదు మిగిలింది. దణ్ణం పెట్టకుండా తిన్నగా కౌంటర్ దగ్గరికి పోయి పుస్తకాలు నింపుకునే వాళ్లను కూడా చూశాను. ఆ తొందర మనకూ తెలిసిందే కాబట్టి వాళ్లను ఏమీ అనలేను.

ఇసే జింగూ జపాన్ ఆలయాలన్నింట్లోకీ పెద్దది. ఒక్క గుడి కాదు, చిన్నవీ పెద్దవీ కలిపి 125. లోపలి ఆలయంలో ఉన్నది సూర్యదేవత అమతెరాసు. పద్ధతి ప్రకారం ముందు బయటి ఆలయంలో ఆహారాన్నిచ్చే తొయోఉకె దేవతను చూసుకుని, అప్పుడు లోపలి ఆలయానికి వెళ్లాలి. "చూసుకుని" అన్నానే గానీ చూసేదేముంది! ఉజి వంతెన దాటి, ఇసుజు నదిలో చేతులు కడుక్కుని, కంకర దారి మీద దేవదారు మాన్ల మధ్య నడిచి, రాతి మెట్ల దగ్గరికి చేరాం. ఫోటోలు అక్కడితో ఆపేయాలి. మెట్లెక్కితే ఒక తెల్లటి తెర. గుడి చుట్టూ నాలుగు వరసల చెక్క ప్రహరీ. దూరంగా గడ్డి కప్పు అంచు, పైకి లేచిన దూలాల కొసలు, అంతే. లోపల పవిత్రమైన అద్దం ఉంది, దాన్ని ఎవరూ చూడరు. గాలికి తెర కదిలితే అందరూ ఒక్కసారి మెడలు చాచారు. నాకు నవ్వొచ్చింది. ఆశ ఏ దేశంలోనైనా ఒకటే.

ఇంకో సంగతి. ప్రధానాలయం దగ్గర సొంత కోరికలు కోరడం మర్యాద కాదట, కృతజ్ఞత చెప్పుకోవాలట. కోరికలుంటే వెనక అరమత్సురి అనే ఇంకో ఆలయం ఉంది, అక్కడ చెప్పుకోవచ్చు. కోరకుండా దేవుడి ముందు నిలబడితే ఏం మాట్లాడాలో తోచలేదు. మనవడి పరీక్షలు, మా ఆయన షుగరు, రిపేరు చేయించాల్సిన మేడ, అన్నీ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

నన్ను ఇసేలో కట్టిపడేసింది ఆ ప్రహరీ పక్కనున్న ఖాళీ స్థలం. గుడి ఎంత ఉందో సరిగ్గా అంతే స్థలం, కంకర పరిచి ఉంది. ప్రతి ఇరవై ఏళ్లకు ఈ ఖాళీ చోట కొత్త గుడి కట్టి, దేవతను అందులోకి మార్చి, పాతది విప్పేస్తారు. 690లో మొదలైంది ఈ ఆచారం. యుద్ధాల కాలంలో వందేళ్లకు పైగా ఆగింది, మళ్లీ పట్టాలెక్కింది. 2013లో జరిగింది 62వసారి, మళ్లీ 2033లో. గుడి ఒక్కటే కాదు, దేవత బట్టలు, కత్తులు, మగ్గం సామాను లాంటివి 1,500 పైగా వస్తువులు కొత్తగా చేస్తారు. ఆ పనులు తెలిసిన మేస్త్రీ ఒకసారి నేర్చుకుని, రెండోసారి చేసి, మూడోసారి ఇంకొకరికి నేర్పించేలోగా జీవితం సరిపోతుంది. విప్పిన కలప కూడా పారేయరు. ఉజి వంతెనకు అటూ ఇటూ ఉన్న తోరీలు పాత గుడి స్తంభాలతో చేసినవే. మన దగ్గర వెయ్యేళ్ల గుడి అంటే వెయ్యేళ్ల రాయి. వీళ్లకు వెయ్యేళ్ల గుడి అంటే వెయ్యేళ్లుగా కడుతూ ఉండటం. నాకు రాయి మీదే మక్కువ, ఆ మాట దాచను. కానీ మేస్త్రీలు మాయమైపోతున్న మన ఊళ్లు గుర్తొచ్చి, ఈ లెక్కలో కూడా తెలివి ఉందనిపించింది.

మొదటి పేజీలో ఇసే ముద్ర పడింది. అలంకారం లేదు, పెద్దక్షరాలు లేవు. ఒక ఎర్ర ముద్ర, పక్కన తేదీ. మిగతా గుళ్ల ముద్రలన్నింట్లోకీ బోసిగా ఉన్నది ఇదే.

ఆ రాత్రి ఫోన్లో మా ఆయన ప్రశ్న మామూలే. "గుడి కప్పు చూశాను" అన్నాను. "కప్పు చూడ్డానికి అంత ఖర్చా?" అన్నారు.

నారాకి వెళ్లాక నా కరువు తీరింది. అక్కడ తోదైజీ అనే గుళ్లో వైరోచన బుద్ధుడు దాదాపు 15 మీటర్ల ఎత్తున, కంచులో, ఏ తెరా లేకుండా కూర్చుని ఉన్నాడు. 752లో ఈ విగ్రహానికి నేత్రోన్మీలనం చేసింది భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు. దక్షిణాది వాడని చెబుతారు. 736లో జపాన్ చేరాడు. కళ్లు దిద్దిన కుంచెకు పొడవాటి దారాలు కట్టి, వచ్చిన జనం ఆ దారాలు పట్టుకున్నారట, కుంచె కదిలితే పుణ్యం అందరికీ అందాలని. ఆ కుంచె, ఆ దారం అక్కడి షోసోయిన్ భాండాగారంలో ఇప్పటికీ ఉన్నాయి. గుడి రెండుసార్లు కాలిపోయింది కాబట్టి ఇప్పుడున్న తల 17వ శతాబ్దంలో పోత పోసింది, బోధిసేనుడు దిద్దిన కళ్లు కావు ఇవి. అయినా నేను చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు.

బయట అరుగు మీద ఎర్ర టోపీ పెట్టుకుని ఒక చెక్క విగ్రహం ఉంది, బింజురు. బుద్ధుడి శిష్యుడు పిండోల భారద్వాజుడే ఈయన. మహిమలు ప్రదర్శించినందుకు బుద్ధుడు మందలించాడని, అందుకే గుడి బయట కూర్చుంటాడని కథ. మనకు ఎక్కడ నొప్పో ఆయన ఒంటి మీద అక్కడ తాకి, అదే చెయ్యి మన ఒంటికి తాకించుకోవాలి. ఈ యాత్ర మొత్తంలో నేను ముట్టుకున్న దేవుడు ఈయనొక్కడే. మోకాళ్లు అరిగి ఉన్నాయి, నావి కాదు, ఆయనవి. జింకల గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను రాయను. బిస్కెట్ చేతిలో ఉంటే చీర కొంగు జాగ్రత్త అని మాత్రం చెబుతాను.

తిండి సంగతి కూడా చెప్పాలి. శాకాహారులకు జపాన్‌లో చిక్కు మాంసంతో కాదు, చారుతో. చూడ్డానికి ఉత్త కూరగాయ ముక్కలే, కానీ ఉడికించిన నీళ్లు ఎండు చేపతో కాచినవి. నూడుల్స్ దుకాణంలో మా కోడలు పది నిమిషాలు మాట్లాడి, చివరికి "పదండి అత్తయ్యా" అని లేచిన సందర్భాలు ఉన్నాయి. పులిహోర పొడి, అటుకులు బ్యాగులో ఉండబట్టి నెట్టుకొచ్చాను. ఇసేలో అకాఫుకు అని ఎర్ర అలసందల జాతి గింజల పూర్ణం పైన పెట్టిన జిగురు బియ్యపు ముద్దలు దొరుకుతాయి, 1707 నుంచి చేస్తున్నారట. అవి నిశ్చింతగా తిన్నాను. ఈ బాధంతా కోయాసాన్‌లో పోయింది.

కోయాసాన్ ఒసాకాకు దక్షిణాన, 800 మీటర్ల ఎత్తున ఉన్న కొండ ఊరు. కూకాయి అనే సన్యాసి 804లో చైనా వెళ్లి, అక్కడ మంత్రయాన బౌద్ధం నేర్చుకుని తిరిగొచ్చి, 816లో ఇక్కడ పీఠం పెట్టాడు. ఆయన నెలకొల్పింది షింగోన్ శాఖ. ఒసాకాలో నంబా స్టేషన్లో రైలెక్కితే చివరి స్టేషన్ గోకురాకుబాషి. అక్కణ్ణుంచి నిట్టనిలువుగా ఎక్కే కేబుల్ కారు, ఆపైన బస్సు. ఊళ్లో 117 గుళ్లు, వాటిలో యాభై దాకా యాత్రికులకు బస ఇస్తాయి. ఆ బసను షుకుబో అంటారు. రెండు పూటల భోజనంతో మనిషికి 15,000 యెన్లు, ఆపైన. మన సత్రం లెక్కలు ఇక్కడ పనికిరావు.

ఊళ్లోకి వెళ్లే దారిలో బస్సు ఒక చిన్న గుడి దగ్గర ఆగుతుంది, న్యోనిందో. ఆడవాళ్ల మందిరం. ఒకప్పుడు కొండ మీదికి ఆడవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. ఏడు దారుల మొదట్లో ఏడు మందిరాలు కట్టి, అక్కడిదాకా వచ్చి దణ్ణం పెట్టుకుని పొమ్మన్నారు. మిగిలింది ఇదొక్కటే. ప్రభుత్వం 1872లో ఆ నిషేధం ఎత్తేసింది, కొండ ఒప్పుకోవడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. కూకాయి సొంత తల్లి కూడా కొండ కిందే ఉండిపోయిందంటారు. అత్తాకోడళ్లం ఇద్దరం అక్కడ దిగాం. నాకు భక్తి కన్నా ముందు కోపం వచ్చింది. వచ్చిన కోపాన్ని ఎందుకు దాచుకోవాలి?

మా బసలో బూట్లు గడప దగ్గరే బీరువాలో పెట్టించి చెప్పులిచ్చారు. తతామి చాపల గదిలోకి ఆ చెప్పులతో కూడా వెళ్లకూడదు. మరుగుదొడ్డికి వేరే చెప్పులు. ఇరవయ్యేళ్ల కుర్ర సన్యాసి, గుండు, నీలం బట్టలు, మోకాళ్ల మీద కూర్చుని వేళలు చెప్పాడు. స్నానం ఈ వేళ నుంచి ఈ వేళ దాకా, భోజనం సాయంత్రం ఐదున్నరకు, పొద్దున పూజ ఆరింటికి. సాయంత్రం ఐదున్నరకు రాత్రి భోజనమా అని నేను ఆశ్చర్యపోయాను. ఆకలి ఆ వేళకే వేసింది.

స్నానం దగ్గర కొంచెం టెన్షన్ పడ్డాను. ఆడవాళ్లకు విడిగానే ఉంటుంది, కానీ లోపల అందరూ ఒంటి మీద నూలుపోగు లేకుండానే. ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి, ఆ తర్వాత వేడినీళ్ల తొట్టిలోకి దిగాలి. తువాలు నీళ్లలో ముంచకూడదు. అరవై ఏళ్ల వయసులో ఇదేం పరీక్ష అనుకుని, అందరూ అయిపోయాక వెళ్దామని ఆగాను. వెళ్లేసరికి ఒక ముసలావిడ ఉంది. ఆవిడ నావైపు కన్నెత్తి చూడలేదు, ఆ చూడకపోవడంలోనే మర్యాద ఉంది. ఒక్క నిమిషంలో సిగ్గు పోయింది. కొండ చలికి ఆ వేడినీళ్లు చేసిన మేలు మోకాళ్లకు తెలుసు.

భోజనం ఎర్ర లక్క పీటల మీద, ఒక్కొక్కరికీ చిన్న చిన్న గిన్నెల్లో వచ్చింది. షోజిన్ ర్యోరి అంటారు, సన్యాసుల వంట. మాంసం, చేప లేవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. చారు సముద్రపు నాచుతో, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. నువ్వులు నూరి పిండితో గట్టిపరిచిన గోమా దోఫు, గడ్డకట్టించి ఎండబెట్టిన టోఫు నానబెట్టి ఉడికించిన కోయా దోఫు, కూరగాయల బజ్జీలు, ఊరగాయ ముక్కలు, అన్నం. ఉప్పూ కారం చాలవని మా ఆయన అయితే అనేవారే. నాకు మాత్రం భయం లేకుండా తిన్న భోజనం అదే.

పొద్దున ఆరింటికి పూజ. మంట హోమకుండంలోంచి లేస్తుంటే సన్నటి చెక్కపుల్లలు, ధాన్యం, నూనె వేస్తూ మంత్రాలు. దాన్ని గోమా అంటారు, మన హోమమే, చైనా మీదుగా కూకాయి తెచ్చుకున్నాడు. ఒక సన్యాసి పెద్ద డోలు కొడుతుంటే నేల అదిరింది. విగ్రహం చీకట్లో, పొగలో, బంగారు అలంకారాల వెనక ఎక్కడో ఉంది. ఈసారి మెడ చాచి వెతకలేదు. మంటనే చూస్తూ కూర్చున్నాను. ఒక్కొక్కర్నీ ముందుకు పిలిచి చిటికెడు ధూపం పొడి నిప్పుల మీద వేయించారు.

పూజ తర్వాత సూత్రం రాయడం. హృదయసూత్రం, సుమారు 260 అక్షరాలు. పల్చటి బూడిదరంగులో అచ్చువేసిన కాగితం మీద కుంచెతో దిద్దుకుంటూ పోవాలి. నాకు ఒక్క అక్షరం అర్థం కాదు. పలక మీద పిల్లల చెయ్యి పట్టుకుని దిద్దించిన నేను అరవయ్యో ఏట దిద్దుతున్నాను. మధ్యలో మాట్లాడకూడదు. మా కోడలు ముప్పావు గంటలో ముగించింది, నాకు గంటన్నర పట్టింది. చివర పేరు, కోరిక రాసే చోటుంది. తెలుగులో రాశాను. కుర్ర సన్యాసి ఆ గుండ్రటి అక్షరాలు చూసి ఏదో అడిగాడు. "నాగార్జునుడి ప్రాంతం భాష అని చెప్పాను అత్తయ్యా" అంది మా కోడలు. ఆ కుర్రాడు కాగితాన్ని రెండు చేతులతో నుదుటికి తాకించి లోపలికి తీసుకెళ్లాడు.

ఆ అమ్మాయి ఊరికే అనలేదు ఆ మాట. ఊరి మధ్య దంజో గారాన్ అనే ఆవరణలో 48.5 మీటర్ల ఎర్ర గోపురం ఉంది, కొంపోన్ దైతో. ఇప్పుడున్నది 1937లో తిరిగి కట్టింది. లోపల మహావైరోచనుడి చుట్టూ నలుగురు బుద్ధులు, స్తంభాల నిండా బోధిసత్వుల చిత్రాలు, నాలుగు మూలల్లో షింగోన్ గురుపరంపరలోని ఎనిమిది మంది బొమ్మలు. అందులో నాగార్జునుడు ఒకరు. దక్షిణ భారతంలోని ఇనుప స్తూపం తలుపు తెరిచి ఈ మంత్రమార్గాన్ని పైకి తెచ్చింది ఆయనేనని వాళ్ల సంప్రదాయం. ఆ స్తూపం మన అమరావతి మహాచైత్యమేనని కొందరు పండితుల ఊహ. నాగార్జునకొండకు స్కూలు పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కు తీసుకెళ్లి, లాంచీలో తలలు లెక్కపెట్టుకోవడం తప్ప ఇంకేమీ చూడని నేను, ఈ కొండ మీద ఆయన్ని చూసి నిలబడ్డాను. అదే ఆవరణలో ఒక పైన్ చెట్టుంది. కూకాయి చైనా తీరం నుంచి విసిరిన వజ్రాయుధం దీని కొమ్మకు చిక్కుకుందట. మూడు సూదుల ఆకు దొరికితే అదృష్టమని పెద్దపెద్దవాళ్లు నేల మీద వంగి వెతుకుతున్నారు. మాకు దొరకలేదు.

చివరికి ఒకునోయిన్. రెండు కిలోమీటర్ల దారి, ఇరువైపులా ఆకాశాన్నంటే దేవదారులు, రెండు లక్షలకు పైగా సమాధులు. ఐదు రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినవే ఎక్కువ: చదరం, గుండు, త్రికోణం, అర్ధచంద్రం, మణి. పంచభూతాలు. మీద నాగరి లాంటి సిద్ధం లిపిలో అక్షరాలు. ఓడా నొబునాగా లాంటి యుద్ధవీరుల సమాధుల దగ్గర్లోనే కంపెనీలు తమ ఉద్యోగుల పేర కట్టించిన స్మారకాలు కూడా ఉన్నాయి. ఒకటి రాకెట్ ఆకారంలో, ఒకటి కాఫీ కప్పు ఆకారంలో. చెదపురుగుల మందు కొట్టేవాళ్ల సంఘం చచ్చిపోయిన చెదపురుగుల కోసం పెట్టించిన రాయి చూసి, మొదట నవ్వి, తర్వాత నవ్వలేకపోయాను.

ఆ దారి చివర కూకాయి ఉన్నాడు. 835లో చనిపోలేదు, ధ్యానంలో కూర్చున్నాడని వాళ్ల నమ్మకం. అందుకే ఆయనకు రోజూ రెండుసార్లు, పొద్దున ఆరింటికి, పదిన్నరకు భోజనం తీసుకెళ్తారు. మేం పదిన్నరకు ముందే వంతెన దగ్గర నిలబడ్డాం. ముందొక పెద్ద సన్యాసి, వెనక ఇద్దరు తెల్ల చెక్కపెట్టె మోసుకుంటూ వచ్చారు. భోజనం రుచి చూస్తాడనే జిజో అనే బోధిసత్వుడి విగ్రహం ముందు కాసేపు ఆగారు, అక్కణ్ణుంచి వంతెన దాటారు. లోపల ఏముందో ఆ పెద్దాయన ఒక్కరే చూస్తారు, బయటకు చెప్పకూడదు. అన్నం కూరలే కాకుండా ఈమధ్య పాస్తా కూడా పెడుతున్నారని విన్నాను. వెయ్యి సంవత్సరాల పైబడి ఒక్క పూట మానకుండా పెడుతున్న భోజనమట. కనబడని మనిషికి వేళకి వడ్డించడం, అంతే. చూడాలన్న ఆరాటం నాలో తగ్గింది ఇక్కడే. నేను చూసినా చూడకపోయినా అక్కడ పని జరుగుతూనే ఉంది.

వంతెన దాటాక ఫోటోలు లేవు, టోపీలు లేవు. దీపాల మందిరంలో వేల దీపాలు వేలాడుతున్నాయి. అందులో ఒకటి వెయ్యేళ్లుగా వెలుగుతోందట, పేదరాలి దీపం. ఒతెరు అనే అమ్మాయి తల్లిదండ్రుల కోసం జుట్టు కోసి అమ్మి ఆ దీపం పెట్టిందట. గాలొచ్చి ధనికుల దీపాలన్నీ ఆర్పేసినా అది ఆరలేదని కథ. ఆడవాళ్లను రానివ్వని కొండ మీద ఆడమనిషి దీపం వెయ్యేళ్లు వెలిగింది! ముందురోజు న్యోనిందో దగ్గర నాకు వచ్చిన కోపానికి ఎవరో బదులు చెప్పినట్టుంది.

ఆ రాత్రి మా ఆయన "దర్శనం?" అనగానే, "స్వామివారు పదిన్నరకు భోంచేశారు" అన్నాను. కాసేపు ఫోన్లో చప్పుడు లేదు. "ఏం వండారు?" అన్నారు ఆయన.

ఒకునోయిన్ ముద్ర వేయించుకునే కౌంటర్ దగ్గర తెల్లబట్టలు, గడ్డి టోపీ, చేతికర్రతో ఒక జంట కలిశారు. మా వయసే. షికోకు దీవిలో కూకాయితో ముడిపడ్డ 88 గుళ్లు తిరిగి, అయిపోయిందని ఆయనకు చెప్పుకోవడానికి వచ్చారు. నడిస్తే సుమారు 1,200 కిలోమీటర్లు, నెలన్నర పడుతుంది. వాళ్లు బస్సులో, నాలుగైదు విడతలుగా చేశారట. వాళ్ల పుస్తకంలో పేజీలన్నీ ఎర్రగా నిండిపోయి ఉన్నాయి. నా పుస్తకంలో ఇంకా సగం పైగా ఖాళీ. మా కోడలు వాళ్ల దగ్గర బస్సుల వివరాలన్నీ రాసుకుంది. మొదటి గుడి ర్యోజెన్‌జీ, తొకుషిమాలో. ఒసాకా నుంచి అటు బస్సు ఉంది. శాకాహారం అని ముందే చెబితే బస దగ్గర వండి పెడతారట.